అక్క పాటను అందుకున్న రోజు

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. ఈ సంగతి మా ఇంట్లోవాళ్లకే కాదు, ఆర్మూరులో నాకు చాయ్ పోసినవాళ్లందరికీ తెలుసు. అయితే ఆ ఎండాకాలం పక్కనున్న పెర్కిట్‌లో, స్టూడియోలో అరిచినంతగా నేను మళ్లీ ఎక్కడా అరవలేదు. అంతగా నవ్విందీ లేదు.

ఆ రోజుల్లో పాటలు నేనే కట్టుకుని, నేనే రికార్డు చేయించుకుని, సీడీలు కొట్టించి బస్టాండు దగ్గర దుకాణాల్లో పెట్టేవాణ్ణి. వెనక ఏ కంపెనీ లేదు. పెళ్లిళ్లలో కీబోర్డు వాయిస్తే వచ్చేదంతా స్టూడియోకే పోయేది. ఊళ్లో అందరూ నన్ను క్యాసెట్లోడు అనేవాళ్లు. క్యాసెట్లు పోయి సీడీలు వచ్చాయని ఎంత మొత్తుకున్నా ఆ పేరు మార్చలేదు. ఇన్ని పాటలు చేశానా, నాకు పాట నేర్పిన గొంతు మాత్రం వాటిలో ఒక్కదాంట్లోనూ లేదు. అది మా అక్క గొంతు.

అక్కను నందిపేట్ వైపు ఇచ్చాం. వాళ్లకు కాస్త పసుపు, కాస్త మక్కజొన్న ఉండేది. పసుపు తవ్వాక ఆడవాళ్లంతా చేలో కూచుని కొమ్ములు విరుస్తుంటే పాట పెట్టేది అక్కే. ఆమె ఒక వరస అనగానే మిగతావాళ్లు అందుకునేవాళ్లు. వాళ్లు అందుకున్నాకే ఆమె రెండో వరసకు వెళ్లేది. ఆమె పెళ్లికి ముందు మా చేలో నేనూ ఆమె పక్కన చేరి అందుకునేవాణ్ణి. నా సంగీతం చదువు అంతే. ఎన్నిసార్లు రికార్డింగుకు రమ్మన్నా, "నా పాటకు మైకెందుకురా? గట్టు మీదున్నోళ్లకు ఇనబడ్తలేదా?" అని కొట్టిపారేసేది.

ఆ ఏడు అక్క మెడ మీద గడ్డ లేచింది. నిజామాబాద్ దవాఖానలో చూపిస్తే థైరాయిడ్, ఆపరేషన్ చేయాలన్నారు. డాక్టరు మంచివాడు, దాచకుండా చెప్పాడు. ప్రాణానికి భయం లేదట, మాట కూడా వస్తుందట. కానీ గడ్డ బాగా లోపలికి ఉంది కాబట్టి గొంతు ఇప్పటిలాగే ఉంటుందని మాత్రం తాను మాట ఇవ్వలేనన్నాడు. బయటికొచ్చి బస్సు కోసం నిలబడ్డాం. అక్క రోడ్డు వంకే చూస్తూ, "తమ్మీ, నీ మైకు ఖాళీగున్నదారా?" అని అడిగింది. నాకు అక్కడే, అంతమందిలో, ఏడుపొచ్చింది.

దవాఖానలో చేరే ముందురోజు స్టూడియో మాట్లాడాను. అది హైవే మీద, ఎరువుల దుకాణం పైన ఒక గది. గోడల నిండా పాత బొంతలు, కోడిగుడ్ల అట్టలు కొట్టి ఉండేవి. దాన్ని నడిపేవాడు నాకంటే చిన్నవాడు, నన్ను అన్నా అనేవాడు. మంచివాడే గానీ నిశ్శబ్దం అంటే వాడికి పిచ్చి. రికార్డింగ్ మొదలవుతుందంటే కూలర్ బంద్, ఫ్యాన్ బంద్, నా ఊపిరి కూడా సగం బంద్. కింద లారీవాళ్లు హారన్ కొట్టినప్పుడల్లా కంప్యూటర్ ముందు తల పట్టుకునేవాడు. మధ్యాహ్నం రెండింటికి కరెంటు పోతుందని, ఆలోపే పని కావాలని ముందే చెప్పాడు.

అక్క ఒక్కతే వస్తుందనుకున్నాను. ఆటో నిండా ఆడవాళ్లు దిగారు.

"గీళ్లందరెందుకక్కా?" అన్నాను.

"తోడొస్తమన్నరురా. వద్దంటే ఊకుంటరా? రేపు దవాఖానకు పోతున్న, ఇయ్యాల కూడా వద్దనాలెనా?"

అప్పటికే నాకు మండుతోంది. పైకి వెళ్లగానే స్టూడియోవాడు ఇంకొంచెం రాజేశాడు. అక్క చేతుల వంక చూసి, పాపం ఎంతో మర్యాదగానే, "అక్కా, జర గాజులు తీసి పక్కకు పెడ్తరా? మైకుల గలగల వస్తది" అన్నాడు.

అంతే! వచ్చినవాళ్లలో అందరికంటే పెద్దామె కొంగు నడుముకు చుట్టింది. "ఏం మాటరా అది? ముత్తైదువను గాజులు తియ్యుమంటవా? రేపు ఆపరేషన్‌కు పొయ్యే పిల్లను? నీ నోట్ల మన్ను వడ!"

వాడి మొహంలో నెత్తురు చుక్క లేదు. "అట్ల కాదు పెద్దమ్మా, సౌండ్ కోసం..." అని నసిగాడు. "సౌండ్ నీ ఇంట్ల పెట్టుకో!" అందామె. అక్కకేమో నవ్వాగలేదు. చివరికి నా మెడలో తువ్వాలు తీసి ఆమె రెండు చేతుల గాజులూ కలిపి కట్టాను. దొంగను పట్టుకొచ్చినట్టుందని అందరూ ఒకటే నవ్వు.

ఆడవాళ్లను బయట మెట్ల మీద కూచోబెట్టి తలుపు వేశాం. అక్క చెవులకు హెడ్‌ఫోన్ పెట్టాం. ఫ్యాన్ ఆగింది. స్టూడియోవాడు చెయ్యి ఊపాడు. అక్క గొంతు సవరించుకుని ఎత్తుకుంది.

"పొద్దు పొడిచిందే అక్కా, చేను పిలిచిందే..."

అబ్బ, ఆ గొంతు! గడ్డ ఉన్నా, ఆపరేషన్ ఉన్నా, ఆ గొంతుకు ఏమీ పట్టలేదు. నాకు ఒళ్లు జలదరించింది. సరిగ్గా అప్పుడే తలుపు అవతల మెట్ల మీదనుంచి అందరూ ఒక్కసారిగా అందుకున్నారు.

"వస్తున్నమే అక్కా, వస్తున్నమే!"

స్టూడియోవాడు కుర్చీలోంచి లేచాడు. నేను తలుపు తీసి మెట్లు అదిరేలా అరిచాను. "ఏందే వదినా, సప్పుడు చెయ్యొద్దని చెప్పలేదా?" పెద్దామె నిజంగానే ఆశ్చర్యపోయింది. "సప్పుడేడ చేసినం? పాట అందుకున్నం గదా!" అంది. ఒట్టు పెట్టించుకుని మళ్లీ తలుపు వేశాను.

రెండోసారి అక్క మొదటి వరస పాడింది. బయట ఎవరూ పలకలేదు. అక్క తలుపు వైపు చూస్తూ ఆగిపోయింది.

"పాడుండ్రి అక్కా, ఆగకుండ్రి," అన్నాడు స్టూడియోవాడు.

"ఎవ్వరు అందుకుంటలేరు. ఎట్ల పోవాలె ముంగటికి?"

"ముందు మీది తీసుకుంట. కోరస్‌ను ఎల్లుండి పిలిచి, పాడిచ్చి, దీంట్ల కలుపుత."

అక్క కట్టిన చేతులతోనే హెడ్‌ఫోన్ తీసి ఒళ్లో పెట్టుకుంది. "నేనియ్యాలంటే వాళ్లు ఎల్లుండి పలుకుతరా? గదేం పాటరా నాయనా!"

సరే, నా మొహం చూసి పాపం ప్రయత్నించింది. ఎక్కడా ఆగకుండా వరస వెంట వరస పాడుకుంటూ పోయింది. శ్రుతి తప్పలేదు, మాట తప్పలేదు. కానీ అది మా అక్క పాట కాదు. బడిలో పద్యం అప్పజెప్పినట్టుంది. స్టూడియోవాడు బొటనవేలు ఎత్తి బాగుందన్నాడు. గడియారం చూస్తే ఒంటిగంట దాటింది. రేపు ఈ గొంతు ఉంటుందో ఉండదో తెలియదు, నాకు మిగిలేది ఇదా?

"అందరినీ లోపలికి పిలువు," అన్నాను.

"అన్నా, నీకేమన్న పిచ్చా? అన్ని గొంతులు ఒక్క మైకుల పడితే తర్వాత ఇడదియ్యరాదు!"

"ఇడదియ్యకు! నిన్నెవడు ఇడదియ్యమన్నడు?"

నా అరుపుకు కింద ఎరువుల దుకాణంవాళ్లు కూడా పైకి చూశారట. స్టూడియోవాడు మైకు స్టాండును పూర్తిగా కిందికి దించాడు. అక్క నేల మీద బాసింపట్టు వేసుకుని కూచుంది. ఆడవాళ్లు ఆమె చుట్టూ చేరారు. అక్క చేతులు ముందుకు చాచి, "గీ తువ్వాల ఇప్పరా, చెయ్యి ఆడ్తలేదు," అంది. విప్పాను. నన్ను కూడా చొక్కా పట్టి లాగి పక్కన కూచోబెట్టుకుంది.

ఆ తర్వాత ఏ హెడ్‌ఫోనూ లేదు, ఎవరూ చెయ్యి ఊపలేదు. అక్క ఎత్తుకుంది, మేం అందుకున్నాం. చెమటలు కారిపోతున్నాయి. మూడో వరసలో లారీ హారన్ మోగింది, ఎవరూ ఆగలేదు. గాజులు ఇష్టమొచ్చినట్టు మోగాయి. అక్క నా మోకాలి మీద తాళం వేస్తూ, కళ్లు మూసుకుని, చేలో గట్టు దాటించే ఆ పై స్థాయికి గొంతు ఎత్తింది. నేను అందుకోవాల్సిన చోట ఆమెనే చూస్తూ వరస మరిచిపోయాను. మిగతావాళ్లే అందుకున్నారు. తలెత్తి చూస్తే స్టూడియోవాడు కూడా కంప్యూటర్ ముందు పెదవులు కదిలిస్తున్నాడు, వస్తున్నమే అక్కా, వస్తున్నమే అని.

పాట అయిపోయిన కాసేపటికే కరెంటు పోయింది. బ్యాటరీ పెట్టె కీచుకీచుమంటుంటే వాడు చీకట్లోనే గబగబా మీటలు నొక్కి, "పడ్డదన్నా, పడ్డది!" అని కేకేశాడు. పెద్దామె వాడి తల నిమిరి, పొద్దున నోట్లో మన్ను పడాలన్నదంతా వెనక్కి తీసుకుంది.

ఆపరేషన్ బాగానే జరిగింది. కొన్నాళ్లు మాట్లాడొద్దన్నారు. అక్క చేతులతోనే సైగలు చేసేది, బావను చేతులతోనే తిట్టేది. తర్వాత మాట వచ్చిందని బావ కబురు చేశాడు. ఎట్లా ఉందని అడగడానికి నాకు ధైర్యం చాలలేదు. సీడీ, చిన్న ప్లేయరు పట్టుకుని నందిపేట్ ఆటో ఎక్కాను.

అక్క వాకిట్లో ఎండిన పసుపు దగ్గర కూచుని ఉంది. మెడకు రుమాలు చుట్టుకుంది. నన్ను చూసి, "వచ్చినవారా," అంది. ఆ గొంతు నాకు తెలియదు. బరువుగా, గరగరమంటూ, ఎక్కడో అడుగునుంచి వచ్చింది. ఏమీ పట్టనట్టు నటిస్తూ సీడీ పెట్టాను. వాకిలంతా ఆమె పాత గొంతు నిండింది. ఆమె తల వంచుకుని విన్నది. పై స్థాయి దగ్గరికి వచ్చేసరికి చెయ్యి చాచి ప్లేయరు బంద్ చేసింది.

తప్పు చేశానేమో, ఇది ఇప్పుడే వినిపించకూడదేమో అనుకున్నాను. ఆమె నా మోకాలి మీద చెయ్యి వేసింది. వేళ్లతో తాళం మొదలుపెట్టింది. నా వంక చూసి, గడ్డంతో సైగ చేసింది. నువ్వు పెట్టు, అని.

ఇంతకాలం అక్క ముందు నేనెప్పుడూ పాట పెట్టలేదు. మొదటి వరస ఎత్తుకున్నాను.

"పొద్దు పొడిచిందే అక్కా, చేను పిలిచిందే..."

పాడి ఆగాను. తాళం ఆగలేదు. ఆ గరగర గొంతుతో, కింది స్థాయిలో, ఒక్క అక్షరం కూడా జారిపోనీయకుండా అక్క అందుకుంది.

"వస్తున్నరా తమ్మీ, వస్తున్నరా."