జుట్టు నాది, మొహం చెల్లెది

ఇప్పుడంటే మొయినాబాద్ వైపు ఎటు చూసినా పెళ్లిళ్ల లైట్లూ పెద్ద పెద్ద గేట్లూ కనిపిస్తున్నాయి గానీ, నేను చేవెళ్లలో డిగ్రీ చదువుకునే కాలంలో మా చుట్టుపక్కల ఫాంహౌసులు ఎక్కువ, వాటిలో ఉండే మనుషులు తక్కువ. అందుకే సినిమావాళ్లకు దయ్యం అవసరం పడిందంటే తిన్నగా మా వైపే వచ్చేవారు. మా హిమాయత్‌నగర్ (పట్నంలోది కాదు, మొయినాబాద్ పక్క ఊరు) ఆడవాళ్లు గులాబీ తోటల్లో పూలు తెంపే పని మానుకుని వెళ్లి, శవం చుట్టూ ఏడ్చే గుంపులో కూర్చునేవారు. (నిజంగానే ఏడ్చేవారు. డైరెక్టరు ఆపమన్నా ఆపేవారు కాదు, ఎవరి బాధలు వాళ్లకు గుర్తొచ్చేవి.) అలాంటి ఒక సినిమాలో దయ్యం వెనక నుంచి మాత్రమే కనిపించాలి, జుట్టు మోకాళ్ల దాకా ఉండాలి. హీరోయిన్ జుట్టు భుజాలు దాటదు, విగ్గు పెడితే గాలికి ఊగదు. చివరికి సినిమా కంపెనీ మేనేజరన్న తోటల్లో వెతుక్కుంటూ వచ్చి నా జడ పట్టుకున్నాడు. అలా నేను దయ్యం వెనకభాగాన్నయ్యాను. సినిమా బాగా ఆడింది. ఊళ్లో నా పేరు పోయి ‘జడక్క’ మిగిలింది. బస్సులో నాకు కిటికీ పక్క సీటు వదిలేవారు. ఆ గర్వం ఎంత దూరం పోయిందంటే, కాలేజీలో ఎవరైనా వెనక నుంచి పిలిస్తే వెంటనే తిరిగేదాన్ని కాదు, కాసేపు నిలబడి జడ చూడనిచ్చి అప్పుడు తిరిగేదాన్ని.

రెండో భాగం తీస్తున్నారని తెలిసిన రోజు నుంచి మందారాకు, కుంకుడుకాయ, కొబ్బరినూనె... మా ఇల్లంతా జారుడే. ఒకసారి బాపు గడప దగ్గర కాలు జారి పడి నన్ను తిట్టకుండా సినిమావాళ్లను తిట్టాడు. మేనేజరన్న, డైరెక్టరు ఇద్దరూ ఇంటికే వచ్చారు. నేను వాకిట్లోకి వచ్చి మర్యాదగా వాళ్లకు వీపు చూపించి నిలబడ్డాను. అప్పుడే నాకంటే రెండేళ్లు చిన్నదైన మా చెల్లె మజ్జిగ గ్లాసులు తెచ్చింది. డైరెక్టరు గ్లాసు అందుకుని దాని మొహంలోకే చూస్తూ ఉండిపోయాడు. ఈసారి దయ్యానికి మొహం కావాలట, కొత్త మొహమైతే జనం నమ్ముతారట, జుట్టు సంగతి కంప్యూటర్ చూసుకుంటుందట. నేను వీపు చూపిస్తూ నిలబడే ఇదంతా విన్నాను. తిరుగుదామంటే ఏ మొహం పెట్టుకుని తిరగాలో తెలియలేదు.

కడుపు మండిపోయింది. దాచుకోవడం ఎందుకు, కళ్లలో నిప్పులు పోసుకున్నాను. మొదటి భాగం షూటింగుకు నాకు తోడు వచ్చి దువ్వెన పట్టుకుని నిలబడ్డ పిల్ల, ఇప్పుడు దయ్యం! పైగా దాన్ని ఒంటరిగా పంపేది లేదని అవ్వ (మేం అమ్మను అలాగే పిలుస్తాం) నన్ను తోడు పంపింది. దయ్యానికి చెప్పులుండవు కదా, అందుకని షాట్ ఉన్నంతసేపూ దాని చెప్పులు పట్టుకుని కెమెరా పక్కన నిలబడటం నా ఉద్యోగం. పది రోజులు పట్టుకున్నాను. ఇంటికి వచ్చాక అది ‘ఎట్ల చేసిన అక్కా?’ అని అడిగేది. నేను ‘చెప్పులు కొత్తవి కొనుక్కో, ఇవి అరిగినయ్’ అనేదాన్ని. దానికి ఊరి మెప్పు, సినిమావాళ్ల మెప్పు అక్కర్లేదు, నా నోటి నుంచి ఒక్క ముక్క కావాలి. ఆ సంగతి నాకు బాగా తెలుసు. తెలిసే ఇవ్వలేదు.

సినిమా విడుదలైన రోజు మా వాడంతా రెండు ఆటోల్లో చేవెళ్ల మ్యాట్నీకి బయలుదేరాం. పట్నంలో పొద్దుటి ఆట చూసినవాళ్ల అభిప్రాయాలు అప్పటికే ఫోన్లో వచ్చేశాయి. నా పాలిటికి దేవుడే పంపినట్టుగా ఒకాయన, మొదటి భాగంలో దయ్యం వెనక నుంచి కనిపిస్తేనే గుండె జారిందనీ, ఈసారి మొహం చూపించి భయమంతా పోగొట్టారనీ రాశాడు. ఆటో చప్పుడులో సరిగా వినపడలేదేమోనని మూడుసార్లు గట్టిగా చదివాను.

“మొహం అంటే నాదేనా అక్కా?” అంది చెల్లె.

“ఇంకెవలది?” అన్నాను.

అది చున్నీ మొహం మీదికి లాక్కుంది. హాల్లో మావాళ్లు మాట్లాడుతూనే ఉన్నారు. తెర మీద తలుపు కిర్రుమని, పొగ వచ్చి, దయ్యం ప్రత్యక్షమైతే ముందు వరుసల్లో కాలేజీ పిల్లలు ఊపిరి బిగబట్టారు. మావాళ్లు మాత్రం ‘అగో మన పిల్ల’ అని లేచి చప్పట్లు కొట్టారు. దయ్యం చీకటి గదిలోకి నడుస్తుంటే మా అత్త, ఆడపిల్లను ఒక్కదాన్నే అటు పంపుతారా అని సినిమావాళ్లను తప్పుపట్టింది. మంత్రగాడు వేపమండలతో కొడుతున్నప్పుడు అవ్వ లేచి నిలబడి, వాని చేతులు పడిపోనని శపించింది. ఇక భయపడేదెవరు? డబ్బులు పెట్టి భయపడటానికి వచ్చిన కాలేజీ పిల్లలు కూడా నవ్వడం మొదలుపెట్టారు. నేనా, తెర వైపు తల ఎత్తలేదు. ఫోన్లో ఇంకా ఎవరెవరు బాగాలేదన్నారో వెతుక్కుంటూ కూర్చున్నాను.

బయట ఒక కుర్రాడు ఫోన్ పట్టుకుని సినిమా ఎట్లున్నదని అందరినీ అడుగుతున్నాడు. అవ్వను అడిగితే, మా బిడ్డ బాగా సన్నబడ్డదని చెప్పింది. నన్ను అడిగాడు. చెల్లె నా పక్కనే ఉంది, నా నోటి వంకే చూస్తోంది. “ఫస్ట్ పార్టే నయముండె,” అన్నాను.

ఇంటికి రాగానే అవ్వ పిడికెడు ఉప్పూ ఎండు మిరపకాయలూ తెచ్చి నా చేతిలో పెట్టింది. కన్నతల్లి దిష్టి అందరికంటే గట్టిగా తగులుతుందట, రెండున్నర గంటలు కళ్లార్పకుండా చూసింది తనే కాబట్టి తను తీస్తే పోదట, నన్ను తీయమంది. దయ్యానికి దిష్టి! చెల్లె తూర్పు ముఖంగా కూర్చుంది. ఇరుగు దిష్టి, పొరుగు దిష్టి, ఊరి దిష్టి, వాడ దిష్టి, తల్లి దిష్టి అంటూ చెయ్యి తిప్పుతున్నాను. అక్క దిష్టి కూడా అనమని అవ్వ గుర్తుచేసింది.

చెల్లె తల ఎత్తలేదు. “అక్కది తగల్దు అవ్వా,” అంది. “అక్క చూడనే లేదు నన్ను.”

మిగిలిన చుట్లు ఎలా తిప్పానో తెలియదు. మిరపకాయలు పొయ్యిలో వేస్తే ఇల్లంతా ఘాటెక్కి అందరం దగ్గాం. అంత ఘాటు వచ్చిందంటే దిష్టే లేదని లెక్క, తన బిడ్డను ఎవరూ సరిగా చూడలేదని అవ్వ చాలా బాధపడింది.

మర్నాడు కాలేజీ ఎగ్గొట్టి ఒక్కదాన్నే మ్యాట్నీకి వెళ్లాను. హాల్లో పట్టుమని పదిమంది లేరు. చప్పట్లు లేవు, శాపనార్థాలు లేవు. దయ్యం మెట్లు దిగింది, కాసేపు ఆగింది, మెల్లగా తల తిప్పి నా వైపు చూసింది. కాళ్లు సీటు మీదికి లాక్కుని కెవ్వుమన్నాను. రోజూ నా పక్కన పడుకుని నా దుప్పటి లాక్కునే పిల్లను చూసి! ఆ చూపులో అంత మంట ఉంది. అభిమానం చంపుకుని, ఆటో దిగి, నేరుగా బట్టలు ఉతుకుతున్న దాని దగ్గరికి వెళ్లి నిలబడ్డాను.

“మల్ల చూసొచ్చిన. మస్తు భయమైందే,” అన్నాను.

ఏ సీనులో అని అడిగింది. తిరిగి చూసినప్పుడన్నాను. ఒట్టు వేయమంది, వేశాను. సబ్బు చేతులతోనే లేచి నా మెడను వాటేసుకుంది.

“ఆ చూపు నాకు రాకపాయె అక్కా. ఆరుసార్లు తీసిండ్రు. కడుపుమంట మొహంల కనవడాలె అన్నడు డైరెక్టరు. ఏం చెయ్యాలె? కెమెరా పక్కన చెప్పులు పట్టుకొని నువ్వున్నవు కద, నువ్వు నన్నెట్ల చూస్తున్నవో నేను గూడ గట్లనే చూసిన. ఒక్కసారికే ఓకే అన్నడు.”

అది పొగుడుతోందో తిడుతోందో దాని మొహంలో వెతికాను. ఏమీ లేదు, సంతోషం తప్ప.

ఇప్పటికీ ఏ ఆదివారం మధ్యాహ్నమో టీవీలో ఆ సినిమా వస్తుంటుంది. మా పిల్లలు చిన్నమ్మ దయ్యం వచ్చిందని మంచం కిందికి దూరతారు. నేను దూరను. అన్నం కంచం ఒళ్లో పెట్టుకుని ఆ మెట్ల సీను దాకా చూస్తాను. నా ఇరవయ్యేళ్ల వయసు నాటి ఫొటోలు ఇంట్లో చాలానే ఉన్నాయి గానీ, ఒక్కటీ ఇంత బాగా రాలేదు.