మోసెస్ దాచిన ప్రార్థన చీటీలు

మోసెస్ పేరెత్తితే మా అమీర్‌పేట చర్చిలో ఈ మధ్య ఎవరూ నవ్వడం లేదు. నవ్వితే చెప్పు తీసుకుని కొడతాను. ముందు నన్ను నేను కొట్టుకోవాలి, అది వేరే సంగతి.

అతను సాఫ్ట్‌వేర్ కోర్సులు నేర్పే ఓ కోచింగ్ సెంటర్లో ల్యాబ్ అసిస్టెంట్. పగలంతా నలభై కంప్యూటర్లతో తంటాలు పడి, ఇంటికెళ్లి మళ్లీ కంప్యూటర్ ముందే కూర్చుంటాడు. పాత డెస్క్‌టాప్ మీద విండోస్ తీసేసి, మన గుట్టు ఏ కంపెనీకీ చెప్పదని లైనక్స్ వేసుకున్నాడు. వెంటబడే ప్రకటనలను ఆపే బ్రౌజర్ వాడతాడు. ఓసారి ఫోన్‌లో టార్చి యాప్ కాంటాక్టులు చూపించమని అడిగితే, "లైటేస్కోనీకి నీకు మా అత్త నంబరెందుకురా" అని ఫోన్‌నే తిట్టి దాన్ని తీసేశాడు. అన్నిటినీ అనుమానిస్తాడని మేం అతన్ని సీఐడీ అనేవాళ్లం. ఆ పేరు పెట్టింది నేనే.

ప్రార్థన కావలసినవాళ్లు తమ బాధ చీటీ మీద రాసి మా చర్చి పెట్టెలో వేస్తారు. తాగే మొగుడు, నిలవని గర్భం, కొడుకు మీద కేసు, అన్నీ అందులోనే. పదకొండేళ్లుగా ఆ చీటీలు మోసెస్ చేతికే వెళ్లేవి. ఇంట్లో పాస్‌వర్డ్ పెట్టిన ఫైల్లో ఎక్కించుకునేవాడు. ఆ ఫైలు ఇంటర్నెట్ మొహం చూసేది కాదు. పాస్టరు గారికి మాత్రం ఒక ప్రింటు తీసిచ్చి, చీటీలు కాల్చేసేవాడు.

పోయిన జూన్‌లో మా కమిటీకి ఓ యాప్ దొరికింది. ఉచితం. చీటీలు అందులో ఎక్కిస్తే సంఘమంతా ఇంటి నుంచే ప్రార్థించవచ్చట. కమిటీ కార్యదర్శిని నేను, సాలమన్‌ని. పాత లిస్టు ఇమ్మంటే మోసెస్ ఇవ్వనన్నాడు.

"సాలమనన్నా, గా యాప్ ఎవలిదో తెల్వది. పైసల్ తీస్కోకుంట ఎట్ల నడుపుతుండ్రో తెల్వది. జనం మనల నమ్మి రాసిండ్రు."

"నువ్వు ప్రార్థనకు అడ్డం పడుతున్నవ్, మోసెస్" అన్నాను.

మా సంఘంలో ఆ మాట పడ్డవాణ్ని ఇంకెవరూ పలకరించరు. అది నాకు తెలుసు. తెలిసే అన్నాను. అతను పెట్టె తాళంచెవి బల్ల మీద పెట్టి వెళ్లిపోయాడు.

ఆ ఆదివారం చీటీలు నేనే నా ఫోన్ నుంచి యాప్‌లో ఎక్కించాను. అందులో ఫేబీది ఒకటి. మా వీధి పిల్ల, పంజాగుట్టలో ఓ నగల షాపులో సేల్స్‌గర్ల్. ఫిట్స్ తగ్గాలని రాసింది. ఆమెకు ఆ జబ్బుందని షాపులో ఎవరికీ తెలియదు. తెలిస్తే కౌంటర్లో నిలబడనివ్వరు. 'మీ కాంటాక్టులందరినీ ఈ ప్రార్థనకు పిలవాలా?' అని అడిగింది యాప్. యాప్‌లో చేరిన పదిమంది బదులు నా ఫోన్‌లోని నాలుగు వందల మంది మోకరిస్తే దేవుడు తొందరగా వింటాడనుకున్నాను. నొక్కాను.

నా కాంటాక్టుల్లో ఆ షాపు మేనేజరు మహిపాల్ ఉన్నాడు. మా పెళ్లిరోజుకు ఉంగరం కొన్నప్పుడు తీసుకున్న నంబరు. ఫేబీ పేరు, జబ్బు పేరు కలిపి అతనికీ మెసేజ్ వెళ్లింది. బుధవారం ఆమెను ఉద్యోగంలోంచి తీసేశారు.

పాస్టరు గారు అంతా దేవుని చిత్తమన్నారు. నాకు ఒళ్లు మండిపోయింది. దేవుని చిత్తమేమిటి, నొక్కిన వేలు నాది. యాప్ కంపెనీని కడిగేద్దామంటే ఫోన్ నంబరే లేదు. మెయిలు రాస్తే, మీ అభిప్రాయం మాకు విలువైనదని జవాబొచ్చింది. తిట్టడానికి ఒక మనిషి కూడా లేడు.

మోసెస్ దగ్గరికెళ్లి అంతా చెప్పాను. తిట్టినా బాగుండేది. ఫేబీని మళ్లీ తీసుకోమని అడగడానికి నాతో పాటు షాపుకొచ్చాడు. మహిపాల్ టీ తెప్పించి, "స్టాఫ్ ఎక్కువైండ్రన్నా. గా మెసేజ్‌కు దీనికి ఏం సంబంధం లేదు" అన్నాడు.

మోసెస్ టీ ముట్టుకోలేదు. "మెసేజ్ సంగతి మేమింకా చెప్పనే లేదు గదా భాయ్" అన్నాడు. మహిపాల్ ఫోన్ చూసుకుంటూ లేచి వెళ్లాడు. మళ్లీ రాలేదు.

అక్కణ్నుంచి ఫేబీ ఇంటికి వెళ్లాం. క్షమించమన్నాను. వేరే ఉద్యోగం చూస్తానన్నాను. సంఘమంతా ఆమె కోసం ఉపవాస ప్రార్థన పెడతామని కూడా అన్నాను. ఆమె మోసెస్‌కు కుర్చీ వేసింది. నన్ను కూర్చోమనలేదు.

"నౌకరీ నేనే చూస్కుంట అన్నా" అంది. "మీరు మాత్రం ఇగ నా పేరు మీద ప్రార్థన చెయ్యకుండ్రి."