చెరకు తోట పక్కన ప్లాస్మా

2023 చివర్లో నేను అనకాపల్లి దగ్గర, చెరకు తోటల మధ్య ఉన్న ఒక లేజర్ ప్రయోగశాలలో టార్గెట్ ఇంజినీరుని. టార్గెట్ అంటే వెంట్రుక కన్నా పలచని లోహపు రేకు. గాలి తీసేసిన గదిలో దాని మీద తీవ్రమైన లేజర్ కాంతిని రెప్పపాటులో లక్షోవంతు కూడా లేనంత సేపు కొడతాం. దాన్నే షాట్ అంటాం. ఆ దెబ్బకి రేకు ప్లాస్మా అయిపోతుంది, అంటే విద్యుత్ కణాల మేఘం. అందులోంచి అయాన్లు మహా వేగంగా దూసుకొస్తాయి. అయాన్లకి ఇంత వేగం ఇవ్వడానికి ఇప్పుడు వాడే, పెద్ద పెద్ద భవనాలు నింపే యంత్రాల పనిని చిన్న చోట చేయించాలని మా తాపత్రయం.

ఆ ఉదయం మాకు డబ్బిచ్చే సంస్థ పరిశీలన బృందం వస్తోంది. అయాన్లు కనబడకపోతే ప్రాజెక్టుకి మంగళం. సరిగ్గా అప్పుడే పక్క తోట రైతు అప్పలనాయుడు మా గేటుకి అడ్డంగా ట్రాక్టరు పెట్టేశాడు. పక్కన చెరకు నరికే కూలీల మేస్త్రి పైడితల్లి.

"ఏమైంది నాయుడుగారూ?"

"ఏటవ్వాలమ్మా! మీరు జనాల ఒంట్లోంచి ప్లాస్మా లాగేత్తన్నారంట. కూలోలు ఇటేపు రామంటన్నారు. నా సెరుకు ఎండిపోతంది."

టీ కొట్టు దగ్గర మావాళ్లు ప్లాస్మా గురించి మాట్లాడుకుంటే ఎవరో విన్నారు. కరోనా రోజుల నుంచి ఊళ్లో ఆ మాటకి రక్తమనే అర్థం.

"అది కాదండీ, ఇది వేరే ప్లాస్మా."

"ఏ గ్రూపుది?" అంది పైడితల్లి.

లాభం లేదని ఇద్దర్నీ కంట్రోల్ రూమ్‌లోకి తీసుకెళ్లాను. బృందం వాళ్లు గేటు బయటే కారు దిగి, ట్రాక్టరు పక్కనుంచి ఒద్దికగా నడిచొచ్చారు. తేలిక కణాలైన ఎలక్ట్రాన్లు ముందు ఉరుకుతాయని, వాటి లాగుడికి బరువైన అయాన్లు వెనక పరుగెడతాయని చెప్పాను.

"ఎడ్లు ముందు, బండి ఎనక," అని అప్పలనాయుడు బృందం పెద్దాయనకి విడమరిచాడు. ఆయన బుద్ధిగా తలూపారు.

షాట్ కొట్టాం. గోడ అవతల టక్కుమంది. తెర మీద సన్నటి వంకర గీత మెరిసింది. అయాన్లు! మేం ఒకరినొకరం కావిలించుకున్నాం.

"అయిపోనాదా?" అన్నాడు అప్పలనాయుడు. "దీనికేటి, ఇంత లావు గోడ కట్టేరు?"

అందరూ నవ్వారు. పైడితల్లి మాత్రం నవ్వలేదు. "ఇది దేనికమ్మా?"

"ముందు ముందు ఆస్పత్రుల్లో ఈ అయాన్లతో కేన్సర్ గడ్డల్ని చంపొచ్చని ఆశ."

"మా అప్పకి గొంతులో గెడ్డ. ఎప్పుడొత్తాది ఆస్పత్రికి?"

బృందం నా వైపే చూస్తోంది. త్వరలోనే అంటే పక్కనే ఉన్న మా బాసు సంతోషిస్తారు. అలా చెప్పడానికి నాకు మనసొప్పలేదు. "చాలా ఏళ్లు పట్టొచ్చమ్మా. వస్తుందో రాదో కూడా తెలీదు. మీ అక్కకి ఇప్పుడు చేస్తున్న వైద్యం మాత్రం ఆపొద్దు."

బాసు దగ్గారు. పైడితల్లి అప్పలనాయుడి వైపు తిరిగింది.

"రగతం లేదు, ఏటీ లేదు. ఇంకా సానా పనుందంట ఈలకి. ట్రాక్టరు తియ్యి మామా."

మర్నాడే కూలీలు తోటలో దిగారు. మా ప్రాజెక్టు కూడా బతికింది.

మా తెర మీది గీతకీ పైడితల్లి వాళ్లక్క గొంతుకీ మధ్య చాలా దూరం ఉంది. ఆ దూరాన్ని దాచకుండా చెబితే జనం తిట్టరనీ, దారి ఇస్తారనీ ఆ రోజు నేర్చుకున్నాను.