అస్క్ నదిలో రూపాయి బిళ్ళ

కార్డిఫ్‌లో మత్తు డాక్టరుగా పనిచేసే శేషగిరి గారు రోజూ పొద్దున్నే, కాఫీ కంటే ముందు, ఫోనులో అస్క్ నది నీటిమట్టం చూస్తారు. మోకాళ్ళ లోతుంటే మొహం తేటగా ఉంటుంది. వానలకి పెరిగితే ఆ పూట ఇంట్లో ఎవరూ ఆయన్ని కదపరు.

ఆయనకి ట్రౌట్ చేపలు పట్టడం ఇష్టం. నీళ్ళలో నడుస్తూ, ఈకలూ దారంతో కట్టిన ఉత్తుత్తి ఈగని గాలానికి తగిలించి విసరాలి. పట్టిన చేపని మళ్ళీ నీళ్ళలో వదిలేయాలి.

"వదిలేసేదానికి ఐదేళ్ళు వెయిటింగ్ లిస్టా? మా నరసాపురంలో వింటే నవ్విపోతారండీ," అనేవారు భార్య ప్రఫుల్ల.

నదిలో మంచి చోట్లన్నీ ఒక క్లబ్బువి. ఒక సభ్యుడు తప్పుకుంటేనే ఇంకొకరికి చోటు. నిరుడు మే నెలలో ఒకటి ఖాళీ అయింది. చేర్చుకునే ముందు క్లబ్బు సెక్రటరీ గ్విన్ ఆ మనిషిని ఒక రోజు నదికి వెంట తీసుకెళ్ళి చూస్తాడు. గ్విన్ వద్దంటే లిస్టులోంచి పేరు కొట్టేస్తారు.

ఆ రోజు గ్విన్ విల్లో చెట్టు కింద నీళ్ళలోకి చూపించాడు. "పెద్ద చేప. ఏప్రిల్ నుంచీ చూస్తున్నాను. మెల్లగా దిగండి."

శేషగిరి గారు దిగబోతూ జేబులోంచి రూపాయి బిళ్ళ తీసి, కళ్ళకద్దుకుని, నదిలోకి విసిరారు. రాజమండ్రిలో పుట్టిన మనిషి. నదికి ఏమీ ఇవ్వకుండా నీళ్ళలో కాలు పెట్టడం అలవాటు లేదు.

"ఏమిటది?"

"నదికి."

"చేపకి తగిలింది."

"సారీ."

బెదిరిన చేప తిరిగి రావాలంటే కదలకుండా ఆగాలి. ఇద్దరూ గడ్డిలో కూర్చున్నారు. ఆపరేషన్ అయ్యేదాకా స్టూలు మీద కూర్చుని పేషెంటు ఊపిరి చూడడం శేషగిరి గారి ఉద్యోగం. ఇక్కడ నీళ్ళని చూశారు. సిగ్గుతో మాట కూడా రాలేదు. గంటా పది నిమిషాలు గడిచాయి. గ్విన్ ఫ్లాస్కులో టీ అయిపోయింది. చేప రాలేదు.

"చేపలు ఎగువకి చూస్తూ ఉంటాయి. ఈసారి బిళ్ళ వాటి వెనక వెయ్యండి," అని గ్విన్ లేచాడు.

ఇంటికొచ్చి, "పోయింది," అన్నారు శేషగిరి గారు.

"చేపా, మెంబర్‌షిప్పా?"

"రెండూ."

పది రోజులకి ఉత్తరం వచ్చింది. చోటు ఇచ్చారు. అడుగున గ్విన్ చేత్తో ఒక మాట రాశాడు: ఇంతకుముందు వచ్చిన నలుగురూ గంటసేపు నోరు మూసుకుని కూర్చోలేకపోయారు.

ఇప్పుడు శేషగిరి గారు హాస్పిటల్లో వారానికి మూడు రోజులే పనిచేస్తున్నారు. సీజన్ ఉన్నన్నాళ్ళూ మంగళవారం, శుక్రవారం నదిలో ఉంటారు.