నాచారం మెట్లెక్కిన వాలుగ

ఈ ప్రయాణం నేను సరదాకు పెట్టుకోలేదు. నేను చేసిన తప్పు సరి అయిందో లేదో కళ్లారా చూసుకుందామని బయల్దేరాను.

నాచారంలో మా బావ, నేను కలిసి వెల్డింగ్ షాపు నడుపుతాం. రెండేళ్ల కింద, గోదావరిలో కలిసే ఒక వాగు మీదున్న చిన్న కరెంటు డ్యామ్ నుంచి ఆర్డర్ వచ్చింది. డ్యామ్ కట్టినప్పటి నుంచి చేపలు గుడ్లు పెట్టడానికి పైకి పోలేకపోతున్నాయట. వాటి కోసం పక్కనే సిమెంటు మెట్లు కడుతున్నారు. ఆ మెట్ల మీద పరిచే స్టీలు రేకులు మేం చెయ్యాలి. డ్రాయింగులో 'రఫ్ ఫినిష్' అని రాసి ఉంది. నాకు ఒళ్లు మండింది. మా దగ్గర రఫ్ అంటే పని రానోడు చేసిన పని! ఎవరూ అడగకపోయినా నాలుగు రోజులు పాలిష్ పట్టించి, మొహం కనపడేంత నున్నగా చేసి పంపాను.

పోయిన వానాకాలం చేపలు వచ్చాయి. మొదటి మెట్టు మీదే జర్రున జారి వెనక్కి పోయాయి. నున్నటి రేకు మీద నీళ్లు ఆగకుండా ఉరికితే చేపకు నిలదొక్కుకునే చోటెక్కడిది? అక్కడి చేపలు పట్టేవాళ్ల సంఘం పెద్ద మల్లేశం ఫోన్ చేశాడు. "అన్నా, నీ పని మస్తుగుంది. అద్దం లెక్క మెరుస్తున్నది. గని చేపలకు అద్దమెందుకే?" అన్నాడు. సిగ్గుతో చచ్చిపోయాను.

ఎండాకాలంలో వాళ్లే రేకుల మీద సిమెంటు పోసి, వాగులోని గుండ్రాళ్లు పొదిగారట. మొన్న శుక్రవారం మళ్లీ ఫోన్: "వాగొచ్చింది. రా అన్నా."

శనివారం పొద్దున 5:20కి నాచారంలో ఆటో ఎక్కాను. 5:45కి ఉప్పల్ రింగ్ రోడ్డులో హనుమకొండ బస్సు దొరికింది. కిటికీ సీటు కావాలంటే ఆరులోపే రండి. పక్కన జవహర్‌నగర్ నుంచి వచ్చిన ఒక పెద్దమ్మ కూర్చుంది. ఎక్కడికని అడిగితే ఉన్నది చెప్పాను.

"చేపలకు మెట్లా? మా బస్తీల దవాఖానకే మెట్లు సక్కగ లెవ్వు కొడుకా," అని పడీ పడీ నవ్వింది. ఘట్‌కేసర్ దాటేదాకా ఆమె నవ్వు ఆగలేదు.

జనగామలో ఇడ్లీ తిన్నాను. చట్నీ నీళ్లే గానీ ఇడ్లీ వేడిగా ఉంది. తొమ్మిదికి హనుమకొండ, తొమ్మిదిన్నరకు ఏటూరునాగారం బస్సు. పన్నెండున్నరకు దిగేసరికి మల్లేశం బండి మీద తయారుగా ఉన్నాడు. వాళ్ల ఊరి పేరు మాత్రం రాయను. "పేరు రాస్తే వలలేసుకొని వస్తరన్నా," అని ఒట్టు పెట్టించుకున్నాడు.

ఊళ్లోకి పోగానే నాకు వింతగా అనిపించింది. వాగు నిండుగా పారుతుంటే, ప్రతి ఇంటి ముందూ వలలు పొడిగా వేలాడుతున్నాయి. చేపలు ఎదురెక్కే కాలమంటే వీళ్లకు పండగ. ఒకచోట గుమిగూడిన చేపలను గంపలతో ఎత్తుకోవచ్చు. అలాంటిది, వారం రోజులు వల ముట్టొద్దని మల్లేశం ఇల్లిల్లూ తిరిగి ఒప్పించాడు.

"డ్యామ్ పడ్డంక మీది నాలుగూర్లు వాలుగ మొఖం సూడలే," అన్నాడు. "పోయినేడు నా మాటిని ఆగిన్రు, ఒక్కటి ఎక్కలే. ఈసారి గూడ ఎక్కకపోతే రేపే వలలు దించుతరు. ఇగ నా మాట ఎవలింటరే?"

ఒకప్పుడు వాగులో దొరికే చేపలన్నిట్లో పెద్దది వాలుగ. ఆ సాయంత్రం పోయి చూస్తే మెట్ల కింది మడుగులో నల్లటి వీపులు కదులుతున్నాయి గానీ ఒక్కటీ ఎక్కడం లేదు. మల్లేశం ఇంట్లో పచ్చిపులుసుతో అన్నం పెట్టారు. చేపలోళ్ల ఇంట్లో, చేపల కాలంలో పచ్చిపులుసు! అది మింగుతుంటే వాళ్ల మీద నాకు కలిగిన గౌరవం ఇంతా అంతా కాదు.

ఆదివారం పొద్దున ఆరుకల్లా సగం ఊరు గట్టు మీద ఉంది. ముందు వేలంత పరక చేపలు వచ్చాయి. గుండు వెనక ఆగి, ఊపిరి తీసుకుని, ఇంకో గుండు వెనక్కి దూరుతూ మెట్టు మెట్టూ ఎక్కేశాయి. అబ్బ, ఎంత తెలివి! తర్వాత చేయంత పొడుగు వాలుగ ఒకటి వచ్చింది. రెండు మెట్లు ఎక్కింది. మూడో మెట్టు అంచున సిమెంటు పెచ్చు ఊడి, నా రేకు జానెడు మెరుస్తోంది. సరిగ్గా అక్కడే జారి కింద పడింది. నేను తల దించుకున్నాను. మల్లేశం మాత్రం నీళ్ల మీది నుంచి చూపు తిప్పలేదు.

మళ్లీ వచ్చింది. ఈసారి ఆ మెరుపును తప్పించి, రాళ్ల పక్క నుంచి తోకతో ఒక్క దెబ్బ కొట్టి మూడు దాటింది. నాలుగు, అయిదు... పదకొండో మెట్టు దాటి పై నీళ్లలో మాయమైంది. వెనక ఇంకోటి, దాని వెనక ఇంకోటి.

"పో తల్లీ, పో! పిల్లల్ని గని రా," అని ఒక ముసలమ్మ అరిచింది. మల్లేశం తువ్వాలతో మొహం కప్పుకుని అక్కడే కూలబడ్డాడు. నేను కూడా ఏడ్చాను, దాచడమెందుకు.

పదిన్నరకు తిరుగు బస్సు. "చేపల ఊరికి వొయ్యి ఉత్త చేతులతోటి వోతున్నవా?" అన్నాడు కండక్టర్. నవ్వి ఊరుకున్నాను. హనుమకొండలో బస్సు మారి, జనగామ దాటుతుండగా బావ ఫోన్ చేశాడు.

"ఇంకో డ్యామ్ మెట్లకు ఆర్డరొచ్చింది. మళ్ల రఫ్ అనే రాసిన్రు. మనం పాలిష్ వట్టిద్దామా?"

"వద్దు బావా. గరుకుగనే ఉండనీ."

ముప్పై ఏళ్లలో నా నోట ఆ మాట ఆయన విని ఎరగడు.

"ఏమైందిరా నీకు? పాణం మంచిగున్నదా?"

"వాలుగ ఎక్కింది బావా," అన్నాను.