సుమతి ఊతపదం

సుమతికి చావు ఊతపదం. తెనాలిలో వాళ్లింట్లో అందరూ అంతే. ఎండకి చచ్చేవాళ్లు, నవ్వలేక చచ్చేవాళ్లు, మళ్లీ శుభ్రంగా లేచి పప్పుచారు పోసుకుని తినేవాళ్లు. అమెరికాలో బెంటన్‌విల్ వచ్చి ఇన్నేళ్లయినా ఆ అలవాటు పోలేదు. “ఈ మీటింగులతో చస్తున్నా” అనకుండా ఆవిడ లాప్‌టాప్ మూయదు.

మార్చిలో, పద్నాలుగేళ్ల కూతురు కృతికి స్నేహితురాలైన వేద తన ప్రాణం తానే తీసుకోబోయింది. అదృష్టం బాగుండి బతికింది. సుమతి కూతుర్ని కూర్చోబెట్టి “అదంతా మర్చిపో, చదువు చూసుకో” అంది. తల్లిగా తన పని అయిపోయిందనుకుంది, పాపం.

ఆ తర్వాత కృతి వింతగా తయారైంది. ఏడవదు. వేద పేరెత్తదు. తల్లి స్నానానికి వెళ్తే తలుపు బయట కూర్చుంటుంది. ఆఫీసులో ఉంటే ఫోన్ మీద ఫోన్: “అమ్మా, ఆర్ యూ ఓకే?” సుమతికి ఏమీ అర్థం కాలేదు. ఉప్పుతో దిష్టి తీసింది. స్కూల్ కౌన్సెలర్‌ని కలిసింది. “అలాంటి ఆలోచన నీకూ వచ్చిందా అని సూటిగా అడగండి. అడిగినంత మాత్రాన లేని ఆలోచన పుట్టదు” అని ఆవిడ చెప్పింది. సుమతికి నోరు రాలేదు. అయినా వేద గురించి బెంగపడాల్సిన పిల్ల తన చుట్టూ తిరగడమేమిటి?

శనివారం ఇద్దరూ గిన్నెలు సర్దుతున్నారు.

“నడుం నొప్పితో చచ్చిపోతున్నానే” అంది సుమతి.

“రియల్లీనా, ఊరికేనా?” అంది కృతి.

“అదేం ప్రశ్నే?”

“నువ్వు ఎవ్రీ డే అంటావ్ కదా. వేద కూడా అలాగే అంది. నీలాగే ఊరికే అంటుంది అనుకున్నా. నేను నవ్వాను అమ్మా.”

సుమతి అక్కడే నేల మీద కూలబడి కూతుర్ని పక్కకు లాక్కుంది. నోటికొచ్చిన ప్రతి మాటలోనూ ఆ పాడు మాటే అడ్డొస్తోంది.

“నాది ఉత్త మాటే తల్లీ. నేనెక్కడికీ పోను. వేదకి జరిగింది నీ తప్పు కాదు.”

“మరి ఏది ఊరికే, ఏది నిజం? ఎలా తెలుస్తుంది?”

“నాకూ తెలీదు. అడగాలంట.” సుమతి కూతురి వైపు తిరిగింది. “నీకెప్పుడైనా అలా, చచ్చిపోవాలని అనిపించిందా?”

కృతి తల అడ్డంగా ఊపింది.

“లేదు. కానీ నువ్వు అడుగుతావేమో అని రోజూ ఎదురుచూశా.”