మంగళ, శుక్రవారాల్లో మొరాయించే ఫియట్

కొండకీ సముద్రానికీ మధ్యనున్న యారాడలో మా బావ తాతబాబుని అందరూ పిచ్చోడన్నారు. మొదట అన్నది నేనే. పడవలో తన వాటా అమ్మేసి ఎవడైనా పాత ఫియట్ కారు కొంటాడా? చిన్నప్పటి నుంచీ సముద్రం తప్ప ఎరగని మనిషి, నలభై దాటాక డ్రైవింగు నేర్చుకుని, కొండరోడ్డు మలుపుల్లో క్లచ్ మాడ్చుకుంటూ వెళ్తుంటే నాకు ఒళ్లు మండిపోయేది.

షోకు కోసం కొన్న కారు కాదది. మా అప్ప సూర్యకళకి, అంటే మా అక్కకి, రెండు కిడ్నీలూ పాడైపోయాయి. మంగళవారం, శుక్రవారం పొద్దున్నే కొండ దాటి సిటీలో ఆసుపత్రికి వెళ్లి డయాలసిస్ చేయించుకోవాలి. బస్సు దానికి బుద్ధి పుట్టినప్పుడు వస్తుంది. ఆటోవాళ్లు నాలుగు రోజులు వచ్చి మొహం చాటేశారు. మన వంతుకి మనం చేరకపోతే ఆ మిషన్ మీద ఇంకొకరిని పడుకోబెడతారు. వాళ్లని అనడానికేముంది, వాళ్లవీ ప్రాణాలే కదా. అందుకని పడవ పోయి కారొచ్చింది. ఇది రెండువేల మూడు నాటి మాట.

ఆ ఏడు వానలతో పాటే కారు మొరాయించడం మొదలెట్టింది. తాళం తిప్పితే 'టిక్' మని ఒక్క చప్పుడు, అంతే. బావ దానికి దణ్ణం పెట్టేవాడు, తిట్టేవాడు, మళ్లీ దణ్ణం పెట్టేవాడు. వల లాగేవాళ్లు వచ్చి ఇసకలో తోస్తే ఎలాగో అందుకునేది. ఒక శుక్రవారం తోసేవాళ్లు కూడా లేరు, అందరూ వేటకెళ్లిపోయారు. వంతు పోయింది. ఆదివారానికి అప్ప మొహం ఉబ్బిపోయింది. పడుకుంటే ఊపిరాడక రాత్రంతా గోడకి చేరగిలబడి కూర్చుందట. ఇంకోసారి తప్పితే తన చేతుల్లో ఏమీ ఉండదని డాక్టరు మొహం మీదే చెప్పేశాడు.

నేను కొండ అవతల జాలరిపేటలో పడవ ఇంజన్లు బాగుచేస్తాను. బావ పరిగెత్తుకుని వచ్చాడు.

"జగ్గా, నీ కాళ్లట్టుకుంతాన్రా. దీని రోగమేటో కనిపెట్టు. లేకపోతే మీ అప్ప మనకి దక్కదు."

అంత మనిషి నా ముందు చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. ఆయన్ని పిచ్చోడన్న నా నోటిని ఏం చేసుకోవాలో తెలియలేదు.

బ్యాటరీ మార్చాను. ఒక్క తిప్పుకే లేచింది. మంగళవారం మళ్లీ టిక్. తోయించి పంపించాం. ఇంజన్ని తిప్పి లేపే సెల్ఫ్ మోటారు విప్పి బ్రష్‌లు మార్చాను. లేచింది. శుక్రవారం మళ్లీ టిక్, మళ్లీ తోపుడు. "నీ దుంప తెగ!" అని టైరుని ఒక్క తన్ను తన్నితే నా బొటనవేలే వాచింది. బావ మాత్రం నా వెనకే తిరుగుతూ "దొరికిందేట్రా? దొరికిందేట్రా?" అని ప్రాణం తోడేశాడు.

అప్పుడు తిట్టడం మానేసి ఆలోచించాను. లైట్లు వేసి తాళం తిప్పితే లైట్లు ఆరిపోతున్నాయి. బ్యాటరీ నిండుగా ఉంది, కరెంటు మాత్రం సెల్ఫ్ దాకా చేరట్లేదు. మరి నేను ఏది మార్చినా బాగవుతోందేం? ఏది మార్చాలన్నా ముందు బ్యాటరీ తీగ ఊడదీస్తాం, చివర్లో బిగిస్తాం. బాగుచేసింది నేను మార్చిన సరుకు కాదు, ఆ బిగింపు! చూస్తే తీగ పట్టీ నట్టు వదులుగా ఉంది. ఆ వదులు తీగలోంచి ప్లగ్గులకి సరిపడా కరెంటు వస్తుంది గానీ సెల్ఫ్‌ని తిప్పేంత రాదు. అందుకే తోస్తే లేస్తోంది. గట్టిగా బిగించి, ఉప్పుగాలికి చిలుము పట్టకుండా గ్రీజు దట్టంగా పూశాను.

కానీ నాకొక అనుమానం మిగిలిపోయింది. కొండరోడ్డు కుదుపులకి వదులయ్యేదైతే సిటీలోనూ ఆగాలి, ఆదివారమూ ఆగాలి. ఎప్పుడు చూసినా ఆసుపత్రి రోజునే, ఇంటి ముందే ఆగుతుందేం? తర్వాతి మంగళవారం తెల్లారేసరికి యారాడ వెళ్లి కూర్చున్నాను. బావ తాళం తిప్పాడు. టిక్. బావ తల స్టీరింగు మీద వాల్చేశాడు. నేను స్పానర్ పట్టుకుని బానెట్ ఎత్తాను. నట్టు వదులుగా ఉంది, నేను పూసిన గ్రీజు చెదిరిపోయింది. వెనక్కి తిరిగితే అప్ప గుమ్మంలో కూర్చుని కొంగుతో వేళ్లు తుడుచుకుంటోంది. కొంగంతా నల్లగా ఉంది. నేను రాకముందే చీకట్లో కారు స్పానర్‌తో విప్పేసిందన్నమాట.

బానెట్ వదిలేసి గుమ్మం దగ్గరికి పరిగెత్తాను.

"అప్పా! ఏటిది? మతుండే సేత్తన్నావా? సచ్చిపోతావప్పా!"

"సావాలనేరా," అంది. "పొద్దుటేల పడవలెల్లేటప్పుడు మీ బావని సూడు. సేత్తో కారు తుడుత్తాడు, సూపంతా సముద్రం మీదే. నాకోసమని ఒడ్డున పడిపోనాడు. నాను పోతే మల్లీ యేటకెల్తాడు. ఆసుపత్రికి రానంటే బుజాన ఏసుకుని ఎల్లిపోతాడు. కారే లెగకపోతే ఏటి సేత్తాడు?"

బావ కారు దిగి అక్కడే నిలబడి ఉన్నాడు. అంతా విన్నాడు. తిడతాడనుకున్నాను, కొడతాడేమోనని కూడా భయపడ్డాను. ఆయన నా చేతిలోని స్పానర్ తీసుకెళ్లి అప్ప చేతిలో పెట్టాడు.

"నువ్వు ఇప్పినావు, నువ్వే బిగించు. సముద్రం ఎక్కడికీ పోదే. నువ్వు పోతే నాను ఎవుల కోసం యేటకెల్లాల? నువ్వు బిగించకపోతే ఈ తాళం ముట్టను. ఇద్దరం ఇక్కడే కూకుందుం."

చెప్పినట్టే ఇసకలో చతికిలబడ్డాడు. అవతల వంతు దాటిపోతోంది. నేనే బిగించేద్దామని అడుగేస్తే బావ నా కాలు పట్టుకుని ఆపేశాడు. ఆ పట్టు వదిలించుకోలేకపోయాను.

అప్ప చాలాసేపు ఏడ్చింది. గోడ పట్టుకుని లేచింది. ఆయాసపడుతూ వచ్చి, కారు మీద ఒక చెయ్యి ఆనించి, స్పానర్ నట్టుకి తగిలించి నా వైపు చూసింది.

"ఇప్పడమే తెలుసురా నాకు. బిగించాలంటే ఎటేపు తిప్పాల?"

"కుడిసేతేపు," అన్నాను.

అప్ప రెండు చేతులతో తిప్పింది.